భయాన్ని ఆయుధం చేసుకున్న ప్రొఫెసర్



ఈ పూట ఒక దుర్మార్గుడి గురించి మాట్లాడతాను. పుట్టి ఎనభై ఏళ్ళు దాటినా ముసలితనం రాని దుర్మార్గుడు. పేరు జొనాథన్ క్రేన్. అమెరికన్ కామిక్ పుస్తకాల్లో బ్యాట్‌మ్యాన్‌కి ఎదురు నిలిచే విలన్లలో ఒకడు. వేషం కట్టాడంటే అతను స్కేర్‌క్రో. చేలో పిట్టల్ని బెదరగొట్టడానికి గడ్డి కూరి నిలబెట్టే దిష్టిబొమ్మ ఉంటుందే, అదే అతని వేషం. తలకి గోనెగుడ్డ ముసుగు, ఒంటికి చిరిగిన బట్టలు. మనిషి బక్కపలచన. చేతిబలం లేదు, వెనక సైన్యం లేదు. గాల్లో ఎగరలేడు, గోడలు బద్దలుకొట్టలేడు. ఎదుటివాడిలో భయం పుట్టించడం ఒక్కటే అతనికి వచ్చు. ఆ ఒక్క విద్యతోనే గోథమ్ అనే మహానగరాన్ని ఎన్నోసార్లు గడగడలాడించాడు.

కామిక్ పుస్తకాలంటే చిన్నపిల్లల కాలక్షేపం అని కొట్టిపారేసే పెద్దలు చాలామంది ఉన్నారు. ఈ మాటలు వాళ్ళే ముఖ్యంగా వినాలని నా కోరిక. భయం మనిషిని ఎలా పట్టుకుంటుంది, దాన్ని ఆసరా చేసుకుని ఒకడు ఇంకొకణ్ణి ఎలా ఆడిస్తాడు అన్నది ఈ స్కేర్‌క్రో కథల్లో ఎంతో తేటగా కనబడుతుంది. నేను ఈ కథల్ని ఇష్టంగా చదివేది అందుకే.

మొదటి కథ 1941లో వచ్చింది, 'వరల్డ్స్ ఫైనెస్ట్ కామిక్స్' అనే పత్రిక మూడో సంచికలో. పాత్రను సృష్టించినవాళ్ళు రచయిత బిల్ ఫింగర్, చిత్రకారుడు బాబ్ కేన్. ఆ కథలో క్రేన్ విశ్వవిద్యాలయంలో సైకాలజీ ప్రొఫెసర్. భయం మీదే అతని పరిశోధన అంతా. ఒకరోజు భయం గురించి పాఠం చెబుతూ, ఉన్నట్టుండి పిస్తోలు తీసి క్లాసులోనే పేల్చాడు. భయమంటే ఏమిటో నోటితో చెబితే తెలియదు, ఒంటికి తెలియాలి అన్నది అతని పద్ధతి. అసలే అతనంటే తోటి అధ్యాపకులకు చిన్నచూపు. వచ్చిన జీతం వచ్చినట్టు పుస్తకాలకే పోస్తాడు, ఒంటి మీద మంచి బట్ట ఉండదు. ఆ వాలకం చూసి దిష్టిబొమ్మలా ఉన్నాడని నవ్వుకునేవారు. తుపాకి గొడవతో ఉద్యోగం పోయింది. చదువుకున్నవాడికి విలువ లేదు, డబ్బున్నవాడికే విలువ అని అతనికి తోచింది. మీరు పెట్టిన పేరే నిజం చేస్తాను అనుకున్నాడు. వేషం కట్టాడు. కోర్టు కేసులో ఇరుక్కున్న ఒక వ్యాపారి దగ్గరికి వెళ్ళి, నీ మీద దావా వేసినవాణ్ణి బెదరగొడతాను, నాకేమిస్తావు అని బేరం పెట్టాడు. అలా భయం అతనికి సరుకైంది.

ఈ పేరు వెనక పాత జ్ఞాపకం ఒకటి ఉంది. అమెరికన్ రచయిత వాషింగ్టన్ ఇర్వింగ్ 1820లో 'స్లీపీ హాలో' కథ అచ్చువేశాడు. అందులో బడిపంతులు ఇకబోడ్ క్రేన్. కాళ్ళూ చేతులూ పొడుగ్గా సాగిన మనిషి, దయ్యాల కథలంటే చెవికోసుకునే మనిషి. తల లేని గుర్రపు రౌతు తరుముతుంటే రాత్రివేళ ఊరి దారిలో ప్రాణాలరచేత పెట్టుకుని పరుగెత్తుతాడు. ఆ భయపడ్డ పంతులు ఇంటిపేరే ఈ భయపెట్టే పంతులికి తగిలింది.

బిల్ ఫింగర్ గురించి ఇక్కడ ఒక్కమాట చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. బ్యాట్‌మ్యాన్ రూపురేఖలు దిద్దడంలో, గోథమ్ లోకాన్ని అల్లడంలో ఆయన చెయ్యి పెద్దది. అయినా దశాబ్దాలపాటు పుస్తకాల మీద బాబ్ కేన్ పేరొక్కటే ఉండేది. ఫింగర్ 1974లో, తగిన గుర్తింపు లేకుండానే చనిపోయాడు. ఆయన పేరును అధికారికంగా చేర్చింది 2015లో. పుస్తకాలు కొనుక్కుని పేదగా బతికిన ప్రొఫెసర్‌ని సృష్టించిన కలానికి దక్కింది అది. నాకు ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

స్కేర్‌క్రో పుట్టిన ఆ కాలం ఎలాంటిదో కూడా చూడాలి. 1941 నాటి అమెరికన్లు పదేళ్ళ ఆర్థిక మాంద్యం చూసినవాళ్ళు. పనిలేక, జేబులో చిల్లర లేక, ఉన్న డబ్బు బ్యాంకులో మునిగిపోతుందేమోనని వణికినవాళ్ళు. 1933 మార్చిలో దేశంలో బ్యాంకులన్నీ మూసేసే పరిస్థితి వచ్చింది. బ్యాంకు నిజంగా బాగానే ఉన్నా, అది మునుగుతుందని జనం అనుకుని ఒక్కసారిగా డబ్బు తీసేసుకుంటే చాలు, నిజంగానే మునుగుతుంది. అప్పుడు కొత్తగా పదవిలోకి వచ్చిన ప్రెసిడెంట్ రూజ్వెల్ట్ మార్చి 12న రేడియోలో మాట్లాడాడు. బ్యాంకు మీ డబ్బుతో ఏంచేస్తుంది, ఎందుకు మూశాం, ఎలా తెరుస్తాం అని మామూలు మాటల్లో విడమరిచి చెప్పాడు. మర్నాటి నుంచి బ్యాంకులు తెరుచుకుంటుంటే, జనం తీసుకెళ్ళిన డబ్బును వెనక్కి తెచ్చి వేశారు. ఎవరింట్లో వాళ్ళు ఒంటరిగా వణుకుతున్నవాళ్ళందరూ ఒకే గొంతును ఒకేసారి విన్నారు. రేడియోలో మాట్లాడే అవకాశం వచ్చినవాడిగా నాకు ఈ సంగతి చాలా ముఖ్యమైనదిగా కనబడుతుంది.

ఇప్పుడు బ్యాట్‌మ్యాన్ వైపు వద్దాం. బ్యాట్‌మ్యాన్ మొదట కనబడింది ఒక కామిక్ పత్రిక 1939 మే నెల సంచికలో. అతను అలా ఎందుకయ్యాడో అదే ఏడాది నవంబరులో చెప్పారు. బ్రూస్ వేన్ అనే పిల్లవాడి కళ్ళ ముందే ఒక దొంగ అతని తల్లినీ తండ్రినీ కాల్చి చంపాడు. పెద్దయ్యాక నేరస్థుల మీద పోరాడాలనుకున్నాడు. వాళ్ళు పిరికివాళ్ళు, మూఢనమ్మకాలున్నవాళ్ళు కనుక వాళ్ళ గుండెల్లో దడ పుట్టించే వేషం కావాలనుకుంటుండగా, తెరిచిన కిటికీలోంచి గబ్బిలం ఒకటి లోపలికి ఎగిరి వచ్చింది. అంటే నాయకుడి ఆయుధమూ భయమే. చీకటి, ముసుగు, నల్లని రెక్కలు అన్నీ దానికోసమే.

అందుకే జోకర్, పెంగ్విన్ లాంటి ఇతర విలన్ల కన్నా ఈ స్కేర్‌క్రోయే బ్యాట్‌మ్యాన్‌కి దగ్గరి బంధువని నాకనిపిస్తుంది. ఇద్దరిదీ ఒకటే విద్య. తేడా ఎక్కడుందంటే, బ్యాట్‌మ్యాన్ ముందుగా తన భయాన్ని తాను చూసుకున్నాడు. క్రిస్టఫర్ నోలన్ తీసిన 2005 నాటి సినిమా 'బ్యాట్‌మ్యాన్ బిగిన్స్' ఈ సంగతి విప్పి చెప్పింది. చిన్నప్పుడు బావిలో పడ్డప్పుడు చుట్టుముట్టిన గబ్బిలాలే బ్రూస్‌కి జీవితాంతం భయం. పెద్దయ్యాక ఆ గబ్బిలాల మధ్యకే వెళ్ళి నిలబడి, ఆ రూపమే తన రూపం చేసుకుంటాడు. క్రేన్ అలా కాదు. తన భయం జోలికి పోడు. ఇతరుల భయాన్ని కుర్చీలో కూర్చుని చూస్తూ రాసుకుంటాడు.

1943లో ఇంకొక కథ వచ్చాక స్కేర్‌క్రో మాయమయ్యాడు. మళ్ళీ కనబడింది 24 ఏళ్ళ తరువాత, 1967 ఫిబ్రవరి నాటి 'బ్యాట్‌మ్యాన్' 189వ సంచికలో. గార్డ్నర్ ఫాక్స్ రాసిన ఆ కథలోనే అతని చేతికి కొత్త ఆయుధం వచ్చింది. మెదడు మీద పనిచేసి భయం పుట్టించే మందు. తరువాతి రచయితలు దాన్ని వాయువుగా, పొడిగా, సూదిమందుగా ఎన్నో రకాలుగా మార్చారు. నా లెక్కన స్కేర్‌క్రో అసలు పుట్టింది ఆ రోజునే. అంతకుముందు అతను తుపాకి పట్టుకుని బెదిరించే గూండా. తుపాకిని చూసి పదిమంది భయపడితే పదిమందీ ఒకే దాన్ని చూస్తారు, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోగలరు. ఈ మందు పీల్చితే మటుకు ఎవడి భయం వాడికే కనబడుతుంది. నీకు పాము, నాకు పాడె, పక్కవాడికి చచ్చిపోయిన తండ్రి. పక్కనే ఉన్నవాడికి అది కనబడదు. నువ్వు చెప్పినా నమ్మడు. క్రేన్ మందులో అసలు విషం అదే అని నేను అంటాను. మనిషిని ఒంటరివాణ్ణి చేస్తుంది.

1992లో అమెరికన్ టెలివిజన్‌లో మొదలైన బ్యాట్‌మ్యాన్ యానిమేషన్ ధారావాహికలో ఒక భాగం ఈ విషయాన్ని ఇరవై రెండు నిమిషాల్లో ఎంత చక్కగా చూపిందో చెప్పాలి. మందు తగిలిన బ్యాట్‌మ్యాన్‌కి రాక్షసులు కనబడరు. తండ్రి కనబడతాడు. నువ్వు మన వంశం పరువు తీశావు అంటాడు. కండలు తిరిగిన ఆ మహావీరుడి లోపల ఉన్న భయం నాన్న మెచ్చుకోడేమో అన్నది. ఎంతమంది కొడుకుల్లో, ఎంతమంది కూతుళ్ళలో ఆ భయం లేదు చెప్పండి. కథ చివర అతను ఆ తండ్రి రూపానికి ఎదురు నిలబడి నేనెవరో నాకు తెలుసు అన్నట్టు జవాబు చెబుతాడు. మందు విరిగిపోతుంది. అదే మందు క్రేన్ ముక్కుకి తగిలినప్పుడు అతని కంటికి బ్యాట్‌మ్యాన్ పెద్ద రాక్షస గబ్బిలమై కనబడతాడు, అక్కడికక్కడే కూలిపోతాడు. జీవితమంతా భయం మీద పరిశోధన చేసినవాడికి తన భయాన్ని ఏంచేయాలో తెలియలేదు.

ఇక నోలన్ సినిమా సంగతి. అందులో క్రేన్ పాత్ర వేసింది ఐరిష్ నటుడు కిలియన్ మర్ఫీ. తరువాత 'ఓపెన్‌హైమర్'కి ఆస్కార్ అందుకున్నది ఈయనే. నోలన్ తీసిన మూడు బ్యాట్‌మ్యాన్ సినిమాల్లోనూ కనిపించే విలన్ ఇతనొక్కడే. ఇక్కడ క్రేన్ ఆర్కమ్ పిచ్చాసుపత్రిలో సైకియాట్రిస్టు. శుభ్రమైన సూటు, కళ్ళజోడు, మెత్తని మాట. మాఫియా నాయకుడు ఫాల్కోని జైల్లో ఉంటాడు. ఊరంతటినీ భయపెట్టి బతికినవాడు. క్రేన్‌ని కూడా బెదిరించబోతాడు. క్రేన్ తొందరపడడు. తన ముసుగు చూపిస్తానంటాడు, మర్యాదగా. బ్రీఫ్‌కేసు తెరుస్తాడు, గోనెసంచి ముసుగు తలకి తగిలించుకుంటాడు, గదిలోకి పొగ చిమ్ముతుంది. ఆ తరువాత ఫాల్కోని నోటివెంట ఒక్కటే మాట మిగులుతుంది, ఆ దిష్టిబొమ్మ పేరు. అరుపుల్లేవు, కొట్టడం లేదు. ఒక డాక్టరు, ఒక పెట్టె, నమ్మకంగా మాట్లాడే గొంతు. చదువూ హోదా ఉన్నవాడు భయపెట్టాలనుకుంటే ఎలా ఉంటుందో ఆ రెండు నిమిషాల్లో చూపించారు.

క్రేన్ లాంటి ప్రొఫెసర్ కథల్లోనే ఉంటాడు అనుకుంటే పొరపాటు. 1920లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో జాన్ వాట్సన్ అనే ప్రసిద్ధ సైకాలజిస్టు, రోజలీ రేనర్ అనే సహచరురాలితో కలిసి ఒక ప్రయోగం వివరాలు అచ్చువేశాడు. తొమ్మిది నెలల పసివాడు. పత్రాల్లో ఆల్బర్ట్ అన్నారు. వాడికి తెల్ల ఎలుకను చూపిస్తే భయం లేదు, చెయ్యి చాపి పట్టుకోబోయాడు. పదకొండో నెలలో మళ్ళీ చూపించారు. ఈసారి వాడు ఎలుక మీద చెయ్యి వేయగానే వెనకాల ఇనప కడ్డీని సుత్తితో గట్టిగా కొట్టారు. బిడ్డ ఉలిక్కిపడ్డాడు. అలా మళ్ళీ మళ్ళీ చేశారు. కొన్నాళ్ళకి కడ్డీ మోగకపోయినా, ఎలుకను చూస్తే చాలు, వాడు ఏడుస్తూ పాకి పారిపోయేవాడు. ఎలుకతో ఆగలేదు. కుందేలును చూసినా, కుక్కను చూసినా, బొచ్చు కోటును చూసినా ఏడుపే. ఆ భయం పోగొట్టే ప్రయత్నం జరగకముందే బిడ్డను వాడు ఉంటున్న ఆసుపత్రి నుంచి తీసుకెళ్ళిపోయారు. వాట్సన్ అదే ఏడాది ఉద్యోగం పోగొట్టుకున్నాడు గాని, దానికి కారణం ఈ ప్రయోగం కాదు, వ్యక్తిగత జీవితం. ఆ తరువాత ప్రకటనల కంపెనీలో చేరాడు. సైన్సు చరిత్రలో ఈ ప్రయోగాన్ని పాఠంగా చెబుతారు. నేను మాత్రం దాన్ని నేరం అనే అంటాను. మాట రాని బిడ్డ లోపల భయాన్ని నాటి, దాన్ని అలాగే వదిలేశారు.

మరి భయమే లేకపోతే బాగుంటుందా? ఈ ప్రశ్న కామిక్ రచయితలకూ వచ్చింది. 1987లో 'డిటెక్టివ్ కామిక్స్' 571వ సంచికలో మైక్ బార్ రాసిన కథలో స్కేర్‌క్రో తన మందును తలకిందులు చేశాడు. ఈసారి అది భయాన్ని పుట్టించదు, పోగొడుతుంది. ఆటగాళ్ళకు ఎక్కిస్తాడు. భయం లేని ఆటగాళ్ళు ఒళ్ళు తెలియని సాహసాలు చేసి ప్రాణాలు పోగొట్టుకుంటారు. బ్యాట్‌మ్యాన్‌కీ అదే మందు తగులుతుంది. జాగ్రత్త అనేదే లేని మనిషై ఉచ్చులోకి నడుస్తాడు. అప్పుడు అతన్ని కాపాడింది ఏమిటంటే, తన శిష్యుడు రాబిన్ చచ్చిపోతాడేమో అన్న తలపు. ఆ తలపు నుంచే భయం తిరిగి వచ్చింది, భయంతోపాటు వివేకం. ఎనభై ఏళ్ళ స్కేర్‌క్రో సాహిత్యంలో ఇంతకు మించిన ఆలోచన నాకు కనబడలేదు. మనకు మన ప్రాణం కన్నా మనవాళ్ళ ప్రాణం కోసమే భయం ఎక్కువ. భయం ప్రేమతోపాటే వస్తుంది. ఆ రాబిన్ని, జేసన్ టాడ్ అనే కుర్రవాణ్ణి, మరుసటి ఏడాదే కథలో చంపేశారు. బతకాలా చావాలా అని పాఠకులతో టెలిఫోన్ ఓట్లు వేయించారు. చావాలని 5,343 ఓట్లు, బతకాలని 5,271 ఓట్లు పడ్డాయి. బ్యాట్‌మ్యాన్ భయపడ్డది 72 ఓట్ల తేడాతో నిజమైంది.

భయం తెలియని మనిషి నిజంగానే ఉంది. సైన్సు పత్రాల్లో ఆమెను ఎస్.ఎం. అనే పొడి అక్షరాలతోనే రాస్తారు. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఏళ్ళ తరబడి ఆమెను పరిశీలించారు. చాలా అరుదైన జన్యు వ్యాధివల్ల ఆమె మెదడులో అమిగ్డలా అనే భాగం రెండు వైపులా పాడైపోయింది. బయటి ప్రమాదాన్ని పసిగట్టి ఒంటిని హెచ్చరించే భాగం అది. 2011లో వచ్చిన పత్రంలో రాశారు, ఆమెను పాములూ సాలీళ్ళూ అమ్మే అంగడికి తీసుకెళ్ళారట. పాములంటే నాకు అసహ్యం అని ముందే చెప్పిన మనిషి, అక్కడికి వెళ్ళాక ఒక పామును చేతిలోకి తీసుకుని నిమురుతూ, దాని నాలుకను ముట్టుకుంటూ నిలబడింది. ఇంకా పెద్ద పామును ముట్టుకోనివ్వమని పదేపదే అడిగింది. దయ్యాల కొంపగా పేరుపడ్డ పాత ఆసుపత్రికి తీసుకెళితే అందరికన్నా ముందు తనే నడిచింది. భూతం వేషం కట్టి మీదికొచ్చిన నటుడి తలను కుతూహలంతో వేలితో పొడిచింది. ఉలిక్కిపడింది ఆ నటుడే.

వినడానికి సరదాగా ఉంది. కాని ఆమె జీవితం సరదాగా లేదు. ఒకసారి రాత్రివేళ పార్కులో ఒకడు ఆమె గొంతుకి కత్తి పెట్టాడు. ఆమెకు భయం వేయలేదు. మర్నాడు అదే పార్కులోంచి మళ్ళీ నడిచి వెళ్ళింది. కత్తులూ తుపాకులూ చూపించి బెదిరించిన సంఘటనలు ఆమె జీవితంలో చాలా ఉన్నాయి. భయం మన లోపలి కాపలా. అది లేని ఇల్లు అందరికీ తెరిచిన ఇల్లే.

ఈ కథలో ఇంకొక మలుపు ఉంది. 2013లో అదే పరిశోధకులు ఆమెకూ, అదే రకం మెదడు దెబ్బతిన్న మరో ఇద్దరికీ 35 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉన్న గాలిని ఒక్క ఊపిరి పీల్పించారు. ప్రాణాపాయం ఏమీ లేని పరీక్ష అది. ఊపిరాడనట్టు అనిపిస్తుంది, అంతే. పాముకి భయపడని, కత్తికి భయపడని ఆమె ఆ ఒక్క ఊపిరితో హడలిపోయింది.  ముగ్గురూ అంతే. బయటి నుంచి వచ్చే ప్రమాదాన్ని చెప్పే దారి మూసుకుపోయినా, ఒంటి లోపలి నుంచి ఊపిరి ఆగిపోతోందని చెప్పే దారి వేరే ఉందన్నమాట. గార్డ్నర్ ఫాక్స్ 1967లో కల్పించిన భయపు మందుకు మన ఊపిరిలో రోజూ బయటికి వదిలే వాయువే ఇంత దగ్గరగా ఉండటం నాకు ఎప్పటికీ ఆశ్చర్యమే.

స్కేర్‌క్రో చరిత్రలో అన్నీ గొప్ప కథలే అని అనను. చాలా కథల్లో మందు చిమ్మడం, జనం అరవడం, చివర్లో విరుగుడు దొరకడం, అంతే. 1993 నాటి 'నైట్‌ఫాల్' కథామాలలో జోకర్‌తో కలిసి మేయర్‌ని ఎత్తుకుపోయినప్పుడు, క్రేన్ తన మందును జోకర్ మీదే చిమ్ముతాడు. జోకర్‌కి ఏమీ కాదు. నవ్వుతూ కుర్చీ ఎత్తి క్రేన్‌నే చితక్కొడతాడు. పోగొట్టుకోవడానికి ఏదీ, ఎవరూ లేనివాడికి భయం ఎక్కడిది? కొందరు రచయితలు క్రేన్‌కి దీనమైన బాల్యం కల్పించారు. బడిలో ఏడిపించిన పిల్లలు, కాకులతో హింసించిన ముసలమ్మ. దానివల్ల అతని మీద జాలి పుడుతుంది, కాని 1941 నాటి పేద ప్రొఫెసర్‌లో ఉన్న పదును తగ్గుతుందని నా అభిప్రాయం. 2009లో వచ్చిన 'ఆర్కమ్ అసైలం' వీడియో గేమ్‌ది మాత్రం పై మెట్టు. ఆటగాడు బ్యాట్‌మ్యాన్‌గా ఒక వరండాలో నడుస్తుంటాడు. నడుస్తుండగానే వరండా పొడుగు సాగుతుంది, వాన మొదలవుతుంది, గోడలు తల్లిదండ్రులు చనిపోయిన సందుగా మారతాయి, వీరుడి ఒళ్ళు చిన్నపిల్లవాడి ఒళ్ళవుతుంది. ఇంకొక చోట ఆట ఆగిపోయి యంత్రం చెడిపోయినట్టు తెర మీద కనబడుతుంది. ఆటగాడు కంగారుపడతాడు. అదీ స్కేర్‌క్రో పనే. మందు తెర దాటి వచ్చి కుర్చీలో కూర్చున్నవాడికే తగిలింది.

విరుగుడు గురించి చెప్పాలి. కథల్లో విరుగుడు సీసాలో వస్తుంది. నిజ జీవితంలో దాన్ని కనుక్కున్నవారిలో ముందుగా చెప్పుకోవలసిన పేరు మేరీ కవర్ జోన్స్. 1924లో ఆమె అచ్చువేసిన ప్రయోగం పీటర్ అనే మూడేళ్ళు నిండని పిల్లవాడి గురించి. వాడికి కుందేలంటే ప్రాణభయం. గదిలో ఏ మూల బోనులో కుందేలున్నా ఏడిచేవాడు. ఆమె ఏంచేసిందంటే, కుందేలంటే భయం లేని ఇతర పిల్లల్ని వాడితో ఆడనిచ్చింది. కుందేలును బోనులో దూరంగా ఉంచింది. మొదట పన్నెండడుగులు. తరువాత నాలుగు. తరువాత మూడు. మధ్యలో వాడికి జ్వరం వచ్చి ఆసుపత్రిలో ఉన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు పెద్ద కుక్క ఒకటి మీదికి దూకింది. పోయిన భయమంతా తిరిగి వచ్చింది. ఆమె విసుక్కోలేదు, వాడు కుర్చీలో కూర్చుని ఇష్టమైనది తింటుండగా కుందేలును కొద్దికొద్దిగా దగ్గరికి తెస్తూ మళ్ళీ మొదలుపెట్టింది. చివరికి పీటర్ తన వేళ్ళను కుందేలు కొరుకుతుంటే ఊరుకుని ఆడుకునేవాడు. వాట్సన్ ఇనప కడ్డీతో నాటినటువంటి భయాన్నే, జోన్స్ ఇష్టమైన తిండితో, పక్కన తోటిపిల్లలతో, ఓర్పుతో పీకేసింది. నేటికీ భయాల చికిత్సలో డాక్టర్లు నడిచే దారి ఆమె వేసిందే.

స్కేర్‌క్రో మందు మనిషిని ఒంటరిని చేస్తుందన్నాను. జోన్స్ మందు మనిషి పక్కన మనిషిని కూర్చోబెడుతుంది.

ఈ మాటలన్నీ గోథమ్ నగరానికే పరిమితం కావు. ఇప్పుడు మన తెలుగు ఊళ్ళలోనూ, దేశమంతటా ఒక దొంగల ముఠా పద్ధతి నడుస్తోంది. డిజిటల్ అరెస్ట్ అంటున్నారు. ఫోను మోగుతుంది. మీ పేర వచ్చిన పార్సిల్‌లో మత్తుమందులు దొరికాయంటారు, మీ ఆధార్ మీద కేసు ఉందంటారు. వీడియో కాల్‌లో పోలీసు యూనిఫాం, వెనక ఆఫీసు గోడ. మర్యాదగా, నమ్మకంగా మాట్లాడే గొంతు. కెమెరా ముందు నుంచి కదలవద్దంటారు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఇంట్లో ఎవరికీ చెప్పవద్దంటారు. ఆ ఒక్క మాటతో మనిషి ఒంటరివాడవుతాడు. పరువు పోతుందన్న భయం, పిల్లలకేమవుతుందోనన్న భయం, అవన్నీ అప్పటికే మనలో ఉన్నవే. వాళ్ళు చేసేది వాటిని తట్టి లేపడమే. రిటైరైన ఉద్యోగులూ, డాక్టర్లూ, ప్రొఫెసర్లూ జీవితమంతా దాచుకున్న సొమ్ము పంపించేశారు. వాళ్ళు తెలివితక్కువవాళ్ళని దయచేసి అనకండి. బ్యాట్‌మ్యాన్‌కి తండ్రి కనబడినట్టే వాళ్ళకీ వాళ్ళ భయం కనబడింది.

మన దేశ చట్టంలో డిజిటల్ అరెస్ట్ అన్నదే లేదు. ఏ పోలీసూ, ఏ సీబీఐ అధికారీ, ఏ జడ్జీ వీడియో కాల్‌లో మిమ్మల్ని అరెస్టు చేయరు, డబ్బు అడగరు. అలాంటి ఫోను వస్తే పెట్టేయండి. పక్క గదిలో ఉన్నవాళ్ళను పిలిచి జరిగింది చెప్పండి. ఎవరూ లేకపోతే పొరుగింటి తలుపు తట్టండి. డబ్బు ఇప్పటికే పంపి ఉంటే సిగ్గుపడి ఆలస్యం చేయకండి, వెంటనే 1930కి ఫోను చేయండి. అది సైబర్ నేరాల మీద ఫిర్యాదు చేసే జాతీయ నంబరు. ఇంట్లో పెద్దవాళ్ళున్న ప్రతివాళ్ళూ ఈ రాత్రి భోజనాల దగ్గర ఈ నంబరు వాళ్ళకి చెప్పండి.